చైనా బాల్ వెలుగు గోడలకు పాకుతుంటే: నల్లగుడ్డా, కట్టరా?

చైనా బాల్ అంటే షూటింగ్‌లో వాడే, లోపల బల్బున్న గుండ్రటి కాగితం లాంతరు. దీని వెలుగు ముఖం మీద ఎంత మెత్తగా పడుతుందో, చుట్టూ గోడల మీదా అంతే ధారాళంగా పడుతుంది. రాత్రి సీన్‌లో వెనక గోడ తెల్లబారితే మూడ్ పోయినట్టే. దాన్ని ఆపడానికి రెండు దారులు: లాంతరుకే నల్లగుడ్డ చుట్టడం, లేదా కట్టర్, అంటే వెలుగుకు అడ్డంగా స్టాండు మీద నిలబెట్టే నల్లటి తెర, పెట్టడం.

ఖర్చు: గుడ్డకైతే కాస్త నల్లబట్ట, నాలుగు పిన్నులు. కట్టర్‌కైతే ఒక్కోదానికీ ఓ స్టాండు, ఓ ఇసుక సంచి.

శ్రమ: గుడ్డను లాంతరు చట్రానికి పావడాలా చుట్టి పిన్నులు పెట్టాలి. అంచు ఒక్క అంగుళం పైకి మడిస్తే చాలు, గోడ మీద నీడ గీత పైకి జరగడం కళ్లకు కనిపిస్తుంది. లాంతరును కర్రకు కట్టి నటుడి వెంట నడిపించినా గుడ్డ కూడా వస్తుంది. కట్టర్ రాదు.

రిస్క్: గుడ్డతోనే ఎక్కువ. లోపల ఫిలమెంట్ బల్బుంటే వేడికి కాగితం, బట్ట రెండూ అంటుకోవచ్చు. పైన గాలి పోయే దారి అస్సలు మూయకండి. ఎల్‌ఈడీ అయితే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

నీడ అంచు: కట్టర్‌ను లాంతరుకు దూరంగా, గోడకు దగ్గరగా జరిపితే అంచు పదునెక్కుతుంది. గుడ్డతో అది కుదరదు.

ఇరుకు గది, వైడ్ షాట్, కదిలే నటుడు ఉంటే నేను గుడ్డకే ఓటేస్తాను. కూర్చుని మాట్లాడే క్లోజప్‌లో వెనకున్న తలుపు ఒక్కటే చీకట్లోకి పోవాలంటే కట్టర్ పెట్టండి.