సెలవులకు కుక్కను వెంట తీసుకెళ్లడమా, వదిలి వెళ్లడమా?

సూట్‌కేసు మంచం మీదికి వచ్చిందంటే మా బ్రూనోకి విషయం తెలిసిపోతుంది. మూత తెరిచీ తెరవకముందే లోపలికెక్కి, మడతపెట్టిన చొక్కాల మీద ముడుచుకుని పడుకుంటాడు. లెమ్మంటే లేవడు. తల కదల్చకుండా కళ్లు మాత్రం పైకెత్తి చూస్తాడు. అది చూశాక వదిలి వెళ్లడానికి కాళ్లాడవు. కానీ ఆ చూపుకి కరిగిపోయి నిర్ణయం తీసుకోకూడదని మూడు సెలవులు పాడయ్యాక గానీ నాకు బోధపడలేదు.

ఉన్నవి మూడే దారులు. వెంట తీసుకెళ్లడం, బోర్డింగ్‌లో (డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునేచోట) పెట్టడం, ఎవరినైనా ఇంట్లో ఉంచి వెళ్లడం. మూడూ చేసి చూశాను.

వెంట తీసుకెళ్లేటట్టయితే సొంత కారును మించింది లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. మొదటిసారి నేను చేసిన తప్పు, దారిలో ఆకలేస్తుందేమోనని బయల్దేరే ముందు వాడికి కడుపునిండా పెట్టడం. అరగంటకల్లా ఆవలింతలు మొదలయ్యాయి, నిద్రొస్తోందనుకున్నాను. తర్వాత మూతి నాక్కోవడం, ఆ తర్వాత జొల్లు తీగలా సాగి సీటు మీద పడటం. వాంతికి ముందు కనిపించే గుర్తులవే అని వెనక సీటంతా కడుక్కుంటున్నప్పుడు తెలిసింది. పిల్లకుక్కల్లో ఇది ఇంకా ఎక్కువ, పెరిగేకొద్దీ చాలావాటికి తగ్గిపోతుంది. ప్రయాణానికి కొన్ని గంటల ముందే తిండి ఆపేసి, నీళ్లు మాత్రం ఇస్తుండాలి. అప్పటికీ ఆగకపోతే డాక్టర్‌ని అడిగితే మాత్ర రాసిస్తారు. రెండు మూడు గంటలకోసారి దింపి నాలుగడుగులు నడిపించాలి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, కిటికీలోంచి తల బయటపెట్టనివ్వడం ఫొటోలకు బాగుంటాయి గానీ, గట్టిగా బ్రేక్ వేస్తే కుక్క ఎగిరి ముందు అద్దానికి కొట్టుకుంటుంది. వెనక సీట్లో హార్నెస్‌ని (కుక్క ఒంటికి తొడిగే పట్టీని) సీటు బెల్టుకి తగిలించడమో, కదలకుండా బిగించిన క్రేట్‌లో, అంటే బోనులాంటి పెట్టెలో కూర్చోబెట్టడమో చెయ్యాలి.

అసలు చిక్కు కారు ఆగాక మొదలవుతుంది. బయట 22 డిగ్రీలే ఉన్నా, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 47 డిగ్రీల దాకా చేరుతుంది. అందులోనూ చాలా భాగం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. అద్దం కాస్త దించి ఉంచాం కదా అనుకుంటాం, దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే ఒంటివేడి తగ్గించుకోవాలి. చుట్టూ గాలే కాలిపోతుంటే ఆ రొప్పడం పనిచెయ్యదు. అందుకని 'ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం' అనే మాట మా ఇంట్లో నిషేధం. ఒకరు లోపల తింటుంటే ఇంకొకరు బయట గొలుసు పట్టుకుని నిలబడతారు. మ్యూజియం అయినా అంతే, వంతులవారీగా చూడటమే. కుక్కని తీసుకెళ్తే అది కుక్క సెలవే అవుతుంది, మనం తోడు వెళ్లినట్టు. కొండలు, నడక, ఏటి ఒడ్డు ఇష్టమైనవాళ్లకి ఇదేమీ కష్టం కాదు. ఊళ్లు తిరిగి చూసేవాళ్లకి మాత్రం విసుగొస్తుంది.

విమానం సంగతి నాకు నచ్చదు, సూటిగానే చెప్తాను. కుక్కని క్యాబిన్‌లోకి రానిచ్చే ఎయిర్‌లైన్స్‌లో చాలావాటికి బ్యాగుతో కలిపి 8 కిలోలే హద్దు. అది దాటితే సామాన్ల అరలోకే. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కు జాతులకి ఊపిరి మామూలుగానే కష్టం కాబట్టి, చాలాచోట్ల వాటిని ఆ అరలో అసలు ఒప్పుకోరు. నిద్రమాత్ర వేసి పంపుదామా అంటే డాక్టర్లే వద్దంటారు, గాల్లో బీపీ, ఊపిరి తేడా చేస్తే చూసేవాళ్లుండరు. ఇక దేశం దాటాలంటే కాగితాల పని. యూరోపియన్ యూనియన్‌కే తీసుకుంటే ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా, మొదటి టీకా అయితే 21 రోజులు ఆగాలి. కొన్ని దేశాల నుంచి వెళ్లేవాళ్లకి రక్తపరీక్ష, దానిమీద మూడు నెలల నిరీక్షణ కూడా. ఇల్లు మారుతుంటే తప్పదు. వారం రోజుల సరదా కోసమైతే కుక్కకి ఆ టెన్షన్ ఎందుకు?

బోర్డింగ్‌కి వస్తే, మేం పెట్టినచోటు అద్దంలా ఉంది. రోజూ వీడియోలు పంపారు. తీసుకొచ్చిన నాలుగో రోజు రాత్రి బ్రూనో గొంతులో ఎముక అడ్డం పడ్డట్టు దగ్గడం మొదలుపెట్టాడు. హడావుడిగా నోరు తెరిచి చూస్తే ఏమీ లేదు. అది కెన్నెల్ కాఫ్, ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే దగ్గు. సోకాక లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల నుంచి రెండు వారాలు పట్టొచ్చు, అందుకే ఇంటికొచ్చాక తెలుస్తుంది. టీకా ఉంది గానీ దగ్గు తెప్పించే క్రిములు చాలా రకాలు కాబట్టి పూర్తి భరోసా లేదు. చేర్చేముందు టీకాల కార్డు అడగనిచోట అసలు పెట్టకండి. రాత్రిపూట అక్కడ మనిషి ఉంటాడో లేదో కూడా అడగండి, కొన్నిచోట్ల తాళం వేసుకుని వెళ్లిపోతారు. ఏ కుక్క కనబడినా ఆటకి దూకే కుర్రకుక్కలకి బోర్డింగ్ నిజంగానే బాగుంటుంది. ముసలివాటికి, కొత్త చప్పుడుకే వణికేవాటికి మాత్రం శిక్షే. ముందు ఒక్క రాత్రి ఉంచి చూస్తే తెలిసిపోతుంది.

నా ఓటు ఇంట్లో మనిషికే. అదే పరుపు, అదే గిన్నె, అదే నడకదారి. మొదటి రోజు తిండి ముట్టకపోవచ్చు, రెండో రోజుకి దారిలో పడతాడు. కాకపోతే ఆ మనిషి అక్కడే పడుకోవాలి. పూటకోసారి వచ్చి గిన్నె నింపి వెళ్లడం పిల్లికి సరిపోతుందేమో, కుక్కకి చాలదు. ఇందులోనూ మేం దెబ్బతిన్నాం. మా తమ్ముడు గేటు తీయగానే బ్రూనో సందులోంచి బయటికి ఉరికాడు. తమ్ముడు వీధులన్నీ వెతికి తిరిగొస్తే, మేం రోజూ కారు నిలిపే ఖాళీ జాగాలో బ్రూనో కూర్చుని ఉన్నాడట. ఎంత పిలిచినా కదల్లేదని, ఎత్తుకుని తెచ్చాడు.

ఇప్పుడు వాడి మెడపట్టీకి మా తమ్ముడి నంబర్ కూడా ఉంది, గేటుకి రెండో గడియ పెట్టించాం. రెండ్రోజుల ప్రయాణమైతే వాడూ కార్లోనే వస్తాడు. వచ్చే నెల పది రోజులు వెళ్తున్నాం, ఈసారి కూడా తమ్ముడే వచ్చి ఉంటానన్నాడు. సూట్‌కేసు మాత్రం బ్రూనో పడుకున్నాక, గది తలుపు వేసుకుని సర్దుకుంటున్నాం.