కల్వర్ సిటీలో మినెల్లీ కోసం

ముందే చెప్తున్నాను. హాలీవుడ్ బులవార్డ్ మీద కాగితాలు పట్టుకుని "తారల ఇళ్లు చూపిస్తాం" అంటూ వెంటపడే వాళ్ల వ్యాన్ ఎక్కకండి. మనిషికి 49 డాలర్లు, ముగ్గురికి 147, దిగేటప్పుడు టిప్పు 20. హాలీవుడ్ పాత దర్శకుడు విన్సెంట్ మినెల్లీ ఇల్లు చూపిస్తారా అని ఎక్కే ముందే అడిగాను. "తప్పకుండా" అన్నాడు టికెట్లు అమ్మినవాడు. పైకప్పు లేని వ్యాన్‌లో రెండు గంటలు ఎండలో మాడితే కనిపించినవి నిలువెత్తు పొదలు, ఇనప గేట్లు. బెవర్లీ హిల్స్‌లో మళ్లీ అడిగితే డ్రైవర్‌కి ఆ పేరే తెలియదు! నటి, గాయని లైజా మినెల్లీ తండ్రి అని చెప్పినా తల అడ్డంగా ఊపాడు. డబ్బు వెనక్కివ్వమంటే టికెట్ వెనక చిన్నక్షరాలు చూపించారు. మావారు ఆ రాత్రి భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు.

1951లో వచ్చిన 'యాన్ అమెరికన్ ఇన్ పారిస్' చూసినప్పటి నుంచీ నాకు దాని దర్శకుడు మినెల్లీ అంటే ప్రాణం. చివర్లో పదిహేడు నిమిషాల బ్యాలే, మాటలే ఉండవు. ఫ్రెంచి చిత్రకారుల బొమ్మల్లోకే నడిచి వెళ్లినట్టు రంగులు మారిపోతుంటాయి. ఆ పారిస్‌ని ఎక్కడ కట్టారో చూడాలని నా కోరిక.

కట్టింది కల్వర్ సిటీలో. అప్పటి ఎంజీఎం స్టూడియోనే ఇప్పటి సోనీ. టూర్ శని ఆదివారాలుండదు, అందుకే మా అబ్బాయి ఆఫీసుకి సెలవు పెట్టి తీసుకెళ్లాడు. రెండు గంటల నడక, మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి. కిటికీలు లేని గోదాముల్లాంటి స్టేజీలు, గోడల మీద పెద్ద పెద్ద అంకెలు. ఆ గోడల మధ్యే ఆ సినిమా హీరో జీన్ కెల్లీ ఆడాడనుకుంటే నాకు కాళ్లు కదలలేదు.

మావారు మాత్రం గడియారం చూసుకుంటున్నారు. అప్పుడు చెప్పాను, మినెల్లీ మొదట్లో షికాగోలో మార్షల్ ఫీల్డ్ దుకాణంలో అద్దాల కిటికీలు అలంకరించే పని చేశాడని. బీసెంట్ రోడ్డులో ముప్పై ఏళ్లు బట్టల కొట్టు నడిపిన మనిషి టక్కున ఆగిపోయారు. "అదీ సంగతి! గోధుమరంగు వీధిలో ఒక్క ఎర్ర గౌను పెడతాడే, అది షోకేస్ కట్టేవాడి కన్ను" అన్నారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆయనవే. అక్కణ్నుంచి న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌కి, 1940లో నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ పిలిస్తే ఇక్కడికి వచ్చాడని చెప్పాను. బ్యాలే సినిమాకి ఆరు ఆస్కార్లొచ్చినా దర్శకుడికి రాలేదంటే మావారికి కోపమొచ్చింది. 1958 నాటి 'జీజీ'తో వచ్చింది, ఆ సినిమాకి మొత్తం తొమ్మిది అంటే శాంతించారు.

మినెల్లీదే మరో సినిమా 'మీట్ మీ ఇన్ సెయింట్ లూయిస్' కోసం వేసిన వీధి ఈ ఆవరణలో లేదు. అది జెఫర్సన్, ఓవర్‌లాండ్ రోడ్లు కలిసేచోట ఉన్న మూడో లాట్‌లో, అంటే ఎంజీఎం ఆరుబయట సెట్లు వేసిన మరో స్థలంలో ఉండేది. 1970లలో స్థలం అమ్మేసి, అంతా పడగొట్టి ఇళ్లు కట్టేశారు. పది నిమిషాలు కారాపి చూశాం. 1944 నాటి ఆ సినిమాలో నాయిక జూడీ గార్లండ్ కిటికీలోంచి పాడిన చోట ఎవరిదో బాల్కనీ. వెళ్లాల్సిన పని లేదు, బాధ తప్ప ఏమీ మిగలదు.

గ్లెన్‌డేల్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికకి మాత్రం తప్పకుండా వెళ్లండి. టికెట్ లేదు, పార్కింగ్‌కీ డబ్బు లేదు. 1986లో పోయిన మినెల్లీ అక్కడే ఉన్నాడు. ఆయన్ని 1945లో పెళ్లాడి, తర్వాత విడిపోయిన జూడీ భౌతికకాయాన్ని న్యూయార్క్ నుంచి 2017లో శాంటా మోనికా బులవార్డ్ మీదున్న హాలీవుడ్ ఫరెవర్ శ్మశానవాటికకి తెచ్చారు. పొద్దున్నే బయల్దేరితే రెండూ ఒక్కరోజులో అవుతాయి.

దారిలో 12 డాలర్లకి పూలు కొన్నాం. మినెల్లీ సమాధి దగ్గర నేను పెట్టిన తీరు మావారికి నచ్చలేదు. వంగి, తెల్లవన్నీ వెనక్కి జరిపి, ఎర్రపువ్వు ఒక్కటే ముందుకి తెచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.