అయిదు సందర్శనలు, రెండు పాల పళ్ళు: సికింద్రాబాద్‌లోని ఒక పిల్లల దంత వైద్యశాల గురించి

ఆటిజం ఉన్న మా అబ్బాయిని గత ఏడాది జూన్ నుంచి అక్టోబరు వరకు సికింద్రాబాద్ వైపున్న ఒక పిల్లల దంత వైద్యశాలకు అయిదుసార్లు తీసుకువెళ్ళాము. మంచితోపాటు చెడు కూడా రాయబోతున్నాను కనుక దాని పేరు చెప్పడం లేదు. అయినా అక్కడ వైద్యురాలు చేసిన వాటిలో చాలా భాగం ఏ ఊళ్ళోనైనా, ఏ దంత వైద్యుణ్ణయినా అడిగి చేయించుకోదగ్గవే.

వాడికి ఎనిమిదేళ్ళు. మాటలు తక్కువ. తినేది పెరుగన్నం, రెండు రకాల బిస్కెట్లు, అరటిపండు. అందులోనూ ముద్దను గంటసేపు బుగ్గన పెట్టుకునే అలవాటు ఉండడంతో కింది దవడలో రెండు పాల పళ్ళు పుచ్చాయి. అంతకుముందు మరో చోటికి తీసుకువెళితే ఒకరు తల, ఇద్దరు చేతులు గట్టిగా పట్టుకుని, అరుస్తున్న నోట్లోకి అద్దం పెట్టి రెండు నిమిషాల్లో పరీక్ష ముగించారు. పని అయిందనే అనుకున్నాము గానీ, ఆ తర్వాత మూడు నెలలు ఇంట్లో బ్రష్షు కనబడితే చాలు పెదవులు బిగించేవాడు.

ఇక్కడ పని ఫోన్లోనే మొదలైంది. ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, ఏ వాసన పడదు, ఎక్కడ తాకితే ఊరుకోడు, ఏది చూస్తే సంతోషపడతాడు అని వైద్యురాలే పావుగంటసేపు అడిగి రాసుకున్నారు. మిక్సీ మోత, పుదీనా వాసన, తల నిమరడం పడవనీ, లిఫ్టు అంటే ప్రాణమనీ చెప్పాను. మర్నాడు వాట్సాప్‌లో ఆరు ఫొటోలు వచ్చాయి: గేటు, లిఫ్టు, కుర్చీ, చిన్న అద్దం, మాస్కు లేకుండా ఒకటీ మాస్కుతో ఒకటీ డాక్టరుగారి ముఖం. వాటిని అచ్చు తీయించి ఫ్రిజ్ తలుపుకు వరుసగా అంటించాము. వారం రోజుల్లో ఆ వరుస వాడికి కంఠతా వచ్చింది.

మొదటి రోజు నోరు తెరవమని ఎవరూ అడగలేదు. ఉదయం మొదటి అపాయింట్‌మెంటు కావడం వల్ల గదిలో మరో బిడ్డ ఏడుపు లేదు, మిషను చప్పుడూ లేదు. వాడు నేరుగా వెళ్ళి కుర్చీ కింద కూర్చున్నాడు. డాక్టరుగారు కూడా నేల మీద కూర్చుని, "ఇదీ లిఫ్టే నాన్నా, నువ్వే నొక్కు" అని కుర్చీ మీటను వాడి చేతికి అందించారు. ఖాళీ కుర్చీని వాడు పదకొండుసార్లు పైకీ కిందికీ నడిపాడు; నేను లెక్కపెట్టాను. ఆమె ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. నా మటుకు ఆ వైద్యశాలలో డబ్బు పెట్టి కొనుక్కోదగ్గది ఏదైనా ఉందంటే అది ఆ తీరికే.

చెప్పడం, చూపించడం, ఆ తర్వాతే చేయడం అన్నది పిల్లల దంత వైద్యంలో పాత పద్ధతే. దాన్ని ఆమె మావాడికి తగినట్టు మార్చి, చెప్పడం తగ్గించి చూపించడం పెంచారు. రెండో సందర్శనలో, కూర్చున్న మనిషిని వెనక్కి వాల్చితే పడిపోతున్నట్టు అనిపిస్తుందని, కుర్చీని ముందే వాల్చి ఉంచారు. తల మీది పెద్ద దీపం ఆర్పి చిన్న టార్చి వాడారు. ఎక్స్‌రే తీసేటప్పుడు కప్పే సీసపు ఏప్రాన్‌ను పొట్ట మీద పరిచారు. రోజువారీ పనులు అలవాటు చేసే ఆక్యుపేషనల్ థెరపీలో బరువైన దుప్పటికి అలవాటుపడ్డ వాడికి ఆ బరువు హాయినిచ్చిందని కాళ్ళు కదలడం ఆగడంతోనే తెలిసింది. తర్వాత మా ఇంటి బ్రష్షుతోనే పళ్ళు లెక్కపెడుతూ, పది అనగానే చేయి వెనక్కి తీశారు. "ఇంకొక్కటి" అన్న మాట ఆమె నోట రాలేదు.

మూడో సందర్శన మాత్రం పూర్తిగా వృథా. కౌంటరు దగ్గర ఒకే సమయం ఇద్దరికి ఇచ్చారు. నలభై నిమిషాలు వేచి ఉన్నాము. ఆ హాల్లో కార్టూన్ టీవీ హోరు, గది అంతా సువాసన స్ప్రే. వాడు చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకోవడం మొదలుపెట్టాక ఇంటికి తిరిగి వచ్చాము. లోపల డాక్టరుగారు అంత జాగ్రత్తగా కట్టినదాన్ని బయటి హాలు అరగంటలో కూల్చింది. ఆమె క్షమాపణ చెప్పారు గానీ, ఆ రోజు తీసుకున్న ఐదు వందల ఫీజు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నాలుగోసారి కారులోనే ఉండి, ఫోన్ వచ్చాక పైకి వెళ్ళాము. పుచ్చిన పళ్ళను డ్రిల్లుతో తొలిచి సిమెంటు పెట్టడానికి బదులు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ పూశారు. పన్నును దూదితో ఆరబెట్టి చిన్న కుంచెతో మందు అద్దితే పుచ్చు సాధారణంగా అక్కడితో ఆగుతుంది; సూది ఉండదు, మోత ఉండదు. పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుందని ముందే వేరే పిల్లల ఫొటోలు చూపించి మా సంతకం తీసుకున్నారు. రెండు మూడేళ్ళలో ఊడిపోయే వెనక పళ్ళు గనుక మేము ఒప్పుకున్నాము. ముందు పళ్ళైతే ఆలోచించేవాళ్ళమేమో. అయిదోసారి, ఆరేళ్ళకు వచ్చిన శాశ్వత దవడ పళ్ళ గాడులకు సీలెంటు, అంటే పుచ్చు పట్టకుండా గాడులను మూసే పూత, వేద్దామనుకున్నారు. ఉమ్మి పీల్చే గొట్టం బుస వినగానే వాడు లేచిపోయాడు. ఆమె బలవంతపెట్టక, పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ వార్నిష్ పూసి పంపించారు. లోతుగా పుచ్చినవాటికి, రూట్ కెనాల్‌కు మత్తు ఇచ్చే సౌకర్యం ఉన్న ఆసుపత్రికే వెళ్ళాలని కూడా మొదటి రోజే స్పష్టంగా చెప్పారు.

నా అసలు అభ్యంతరం ఖర్చు గురించి. చికిత్స లేని రోజుకూ ఫీజు పడుతుంది. మాది అదే ఊరు కనుక అయిదుసార్లు వెళ్ళగలిగాము. హాల్లో కనిపించిన ఒక తల్లి నిజామాబాద్ నుంచి తెల్లవారుజాము బస్సుకు బయలుదేరి వచ్చారు, ఆమెకు అయిదు సందర్శనలంటే అయిదు రోజుల కూలి. అలవాటు చేసే మొదటి రెండు సందర్శనలకైనా ఫీజు తగ్గించి, దూరం నుంచి వచ్చేవారికి అద్దం, చేతి తొడుగులు ఇచ్చి ఇంటి దగ్గరే సాధన చేయించవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, కానీ కౌంటరులో ఆ పేరే ఎవరూ వినలేదు. ఆ బీమా ఉన్నవారు ఏ రోజుకారోజు వివరాలతో బిల్లు అడిగి తీసుకోవాలి.

ఆరు నెలల పరీక్షకు తేదీ తీసుకున్నాము. ఆ ఉదయం టీవీ ఆపి ఉంచుతామని కౌంటరు పుస్తకంలో మా పేరు పక్కన రాయించి మరీ వచ్చాను.