యాభై దాటాక కీబోర్డా, వయొలినా?

కీబోర్డ్ మీద మీట నొక్కితే చాలు, స్వరం శుద్ధంగా పలుకుతుంది. శ్రుతి చేసే పని లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అర్ధరాత్రి సాధన చేసినా ఎవరి నిద్రా చెడదు. మొదట్లోనే ఒక చిన్న పాట వాయించేస్తారు, పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లకు ఆ ఉత్సాహం ఎంతో అవసరం. కష్టం తర్వాత వస్తుంది, రెండు చేతులూ వేర్వేరు పనులు చేయాల్సి వచ్చినప్పుడు. మొదలుపెట్టడానికి 61 మీటలది సరిపోతుంది.

వయొలిన్ సంగతి వేరు. తీగలు నాలుగే, కానీ గిటార్‌కి ఉన్నట్టు మెట్లుండవు. వేలు ఒక్క మిల్లీమీటరు జరిగినా అపస్వరం తెలిసిపోతుంది. కుడిచేతిలో కమాను ఇంకో పెద్ద చదువు. అది బ్రిడ్జికి, అంటే తీగల్ని ఎత్తిపట్టే చిన్న చెక్కకి, సమాంతరంగా, ఒకే ఒత్తిడితో నడవాలి. చెయ్యి కాస్త వంకర తిరిగితే కమాను పక్కకు జారి కీచుమంటుంది. చాలామంది ఈ దశలోనే టెన్షన్ పడి, తమకు సంగీతం రాదని వదిలేస్తారు. అది నిజం కాదు, అందరి కమానూ మొదట్లో కీచుమనేదే!

అయితే వయొలిన్ మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గొంతులా జారవచ్చు. మీటలతో ఆ సుఖం రాదు. కొన్ని కీబోర్డులకు స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ చక్రం ఉన్నా అది వేరే.

నన్నడిగితే, పాడే అలవాటున్నవాళ్లు ధైర్యంగా వయొలిన్ పట్టుకోవచ్చు. వాళ్ల చెవే సగం గురువు. మెడనొప్పి, భుజం నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం కీబోర్డే మేలు.