కిడ్నీ పొడి కొనేముందు ఆ ‘రీసెర్చ్’ ఎవరి మీద చేశారో అడగండి

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష, అంకె పెరిగితే కిడ్నీ దెబ్బతింటున్నట్టు) కాగితాలు పట్టుకుని తిరుగుతున్న ఇళ్లవాళ్లకి ఈ మాట. మాది కవిటి పక్క. నాన్నకి క్రియాటినిన్ 3.9 ఉన్నప్పుడు ఒకాయన బండి మీద ఇంటికొచ్చి పొడి డబ్బాలు అంటగట్టాడు. డబ్బా 4,500, మూడు డబ్బాల కోర్సు. ఉత్త నాటుమందైతే కొనేవాళ్లం కాదు. లామినేషన్ చేసిన ఇంగ్లీషు రీసెర్చ్ కాగితం చూపించాడు, గ్రాఫులతో సహా. బుట్టలో పడింది నాన్న కాదు, డిగ్రీ చదివిన నేను.

నెల తిరిగేసరికి 3.5. ఇంట్లో పండగే. నిజానికి పథ్యమని చేపలు, పప్పు మానిపించాడు, నాన్న ఐదు కిలోలు చిక్కిపోయారు. కండ తగ్గినా క్రియాటినిన్ తగ్గుతుందట, కిడ్నీ బాగుపడక్కర్లేదు. ఇది డాక్టరు చెప్పేదాకా మాకేం తెలుసు? బీపీ మాత్రలు కూడా ఆపించాడు మహానుభావుడు. మూడో నెల 6.2, పొటాషియం ఎక్కువ. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్.

అప్పుడు తీశాను ఆ కాగితం. మొక్క శాస్త్రీయ నామం, రాసినవాళ్ల పేరు కలిపి పబ్‌మెడ్‌లో, అంటే వైద్య పరిశోధనా పత్రాలు వెతికే వెబ్‌సైట్‌లో, కొట్టాను. డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్లోనే తెరుచుకుంటుంది. పేపరు దొంగది కాదు, అసలుదే! కాకపోతే ఎలుకల మీద చేసింది. బాగున్న ఎలుకలకి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లిచ్చి కిడ్నీలు పాడుచేసి, ఆ ఇంజెక్షన్లిచ్చిన రోజుల్లోనే ఆకు రసం పట్టించారు. మొత్తం ఎనిమిది రోజులు. నాన్నది ఏళ్ల తరబడి నలిగిన జబ్బు. పేపర్లో మొక్క ఒక్కటే, డబ్బా మీద పదకొండు పేర్లు. శీర్షికలో ‘ర్యాట్స్’ అన్న ముక్క ఉన్నచోట కాగితం నీటుగా కత్తిరించి లామినేషన్ చేయించాడు.

మనుషుల మీద ట్రయల్ చేశామంటే సీటీఆర్‌ఐ (దేశంలో మందుల ట్రయల్స్ నమోదు చేసే సర్కారీ వెబ్‌సైట్) నంబరు అడగండి. 2007 నుంచి మన దేశపు ట్రయల్స్ అక్కడ నమోదవుతున్నాయి, ఎవరైనా చూడొచ్చు. నంబరున్నంత మాత్రాన మందు పనిచేసినట్టు కాదు గానీ, ఎంతమంది మీద, ఎక్కడ అన్నదైనా తెలుస్తుంది. ఈయన్ని అడిగితే ‘ఆఫీసులో ఉంది బాబూ’ అన్నాడు. మర్నాటి నుంచి ఫోను స్విచ్ఛాఫ్.

ఆకూ అలమే కదా, నష్టమేంటంటారు మా చిన్నాన్న. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికలు వాడి ఎందరో ఆడవాళ్లు కిడ్నీలు పోగొట్టుకున్నారు. ఇక మన ఉద్దానం జబ్బుకి ఖాయంగా ఇదీ కారణమని ఇంకా తేలనే లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023లో పెట్టింది అందుకే కదా. కారణమే దొరకని జబ్బుకి మూడు డబ్బాల్లో మందన్నప్పుడే నాకు వెలగాల్సింది.

తెల్ల డబ్బా, ఆకుపచ్చ మూత. ఆ అమ్మినాయన మొన్న మందస వైపు కనబడ్డాడట. మిగిలిన సగం డబ్బా పారేయలేదు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇద్దామని దాచాను. మీ దగ్గర బిల్లుంటే చెప్పండి, నాకైతే ఇవ్వలేదు.