సెకోయా మానులు చూడాలంటే ఎటు వెళ్లడం మేలు: మారిపోసా గ్రోవా, జెయింట్ ఫారెస్టా, గ్రాంట్ గ్రోవా?

ఊరి నుంచి తల్లిదండ్రులు ఆరు నెలల కోసం వచ్చినప్పుడు కాలిఫోర్నియాలోని తెలుగు ఇళ్లలో తప్పకుండా తలెత్తే ప్రశ్నల్లో ఇది ఒకటి. ఆ పెద్ద చెట్లు చూపించడానికి యోసెమిటీకి తీసుకెళ్తే సరిపోతుందా, లేక ఇంకా దక్షిణంగా సెకోయా, కింగ్స్ కాన్యన్ పార్కుల దాకా వెళ్లాలా? నేను మూడు చోట్లకూ వెళ్లాను. ఒకసారి స్నేహితులతో, ఒకసారి చిన్నపిల్లలతో, ఒకసారి డెబ్బై రెండేళ్ల నాన్నగారితో, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లాను. ఈ మూడింటిలో ఏది మేలో చెట్ల కొలతలను బట్టి తేలదని, చెట్టు దాకా వెళ్లినవాళ్లు తిరిగి కారు దగ్గరికి ఎలా వస్తారన్న దాన్ని బట్టి తేలుతుందని నా అభిప్రాయం.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. శాన్ ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న మ్యూర్ వుడ్స్ చూసినవారు చాలామంది ‘రెడ్‌వుడ్లు చూసేశాం కదా’ అంటారు. అక్కడివి సముద్రతీరపు రెడ్‌వుడ్లు. అవి ఎత్తులో ప్రపంచంలోనే మొదటివి, ఆ జాతిలోనే వేరే చోట ఉన్న హైపీరియన్ అనే చెట్టు 380 అడుగులు పైబడి ఉంటుంది. జెయింట్ సెకోయా వేరే జాతి. ఇది సహజంగా పెరిగేది సియెర్రా నెవాడా పర్వతాల పడమటి వాలులో, ఎక్కువగా 5,000 నుంచి 7,000 అడుగుల ఎత్తున, విడివిడిగా ఉన్న కొన్ని పదుల తోపుల్లో మాత్రమే. ఎత్తులో రెడ్‌వుడ్‌కు తగ్గినా, మొత్తం కలప ఘనపరిమాణంలో దీనికి సాటి వచ్చే చెట్టు లేదు. నాన్నగారు మొదటి చెట్టు చూడగానే తిమ్మమ్మ మర్రిమానును తలచుకున్నారు. ఆ పోలిక నాకు సరైనదే అనిపించింది, ఎందుకంటే అనంతపురం సీమలోని ఆ మర్రి ఊడలు దింపుకుంటూ దాదాపు 5 ఎకరాలు అడ్డంగా పరుచుకుంటే, సెకోయా ఆ బలమంతా ఒకే బోదెలో పెట్టి నిలువునా పెరుగుతుంది.

యోసెమిటీలోని మారిపోసా గ్రోవ్‌తో మొదలుపెడతాను, ఎక్కువమంది ముందు వెళ్లేది అక్కడికే కాబట్టి. చరిత్రలో దీనిదే పెద్దపీట. అంతర్యుద్ధం సాగుతుండగానే 1864లో లింకన్ సంతకం చేసిన చట్టం యోసెమిటీ లోయతో పాటు ఈ తోపును కూడా ప్రజల కోసం కాపాడాలని నిర్ణయించింది. ఎదిగిన సెకోయాలు ఇక్కడ సుమారు 500 ఉన్నాయి. ఒకప్పుడు కార్లు తోపు మధ్య దాకా వెళ్లేవి. సెకోయా వేళ్లు లోతుకు దిగవు, పైపైనే చాలా దూరం పాకుతాయి. అందువల్ల తారు రోడ్లు, పార్కింగ్ స్థలాలు వాటిని అదిమేసి నీటి పారుదలకు అడ్డుపడ్డాయి. 2015 నుంచి 2018 దాకా తోపును మూసి, ఆ తారును తొలగించి, పార్కింగును దక్షిణ ద్వారం దగ్గరికి తరలించారు. ఇప్పుడు అక్కడ కారు ఆపి, ఉచిత షటిల్ బస్సులో 2 మైళ్లు వెళ్లాలి. బస్సు దిగిన చోటనే 0.3 మైలు పొడవున చదునైన చుట్టుబాట ఉంది. చక్రాల కుర్చీ కూడా దాని మీద వెళ్తుంది. ఇంకాస్త నడవగలిగితే 2 మైళ్ల చుట్టుబాటలో గ్రిజ్లీ జెయింట్‌ను, 1895లో బోదెకు కన్నం చేసి దారి తీసిన టన్నెల్ చెట్టును చూడవచ్చు. గ్రిజ్లీ జెయింట్ వయసు సుమారు 3,000 ఏళ్లని అంచనా. ఈ పెద్ద కొమ్మల ముదుసలి ఆకారంలో జెయింట్ ఫారెస్టులోని జనరల్ షెర్మన్ చెట్టు కంటే చిన్నది, వయసులో మాత్రం పెద్దది.

మారిపోసాకు ఉన్న లోపం బస్సే. శీతకాలంలో అది నడవదు, అప్పుడు రోడ్డు వెంట 2 మైళ్లు ఎక్కి, మళ్లీ 2 మైళ్లు దిగాలి. వేసవిలో మధ్యాహ్నానికి పార్కింగ్ నిండిపోతుంది. పైగా యోసెమిటీ లోయ నుంచి ఇక్కడికి గంటకు పైగా ప్రయాణం. లోయను, జలపాతాలను, తోపును ఒకే రోజులో చూపిద్దామనుకుంటే పెద్దవాళ్లకు ఎక్కువగా కనిపించేది కారు కిటికీయే. యోసెమిటీకి ఎలాగూ వెళ్తున్నవారు ఒక పూట దీనికి కేటాయించడం మంచిదే కాని, కేవలం సెకోయాల కోసమే బయలుదేరేవారు ఇక్కడితో ఆగడం నాకు నచ్చదు.

సెకోయా నేషనల్ పార్కులోని జెయింట్ ఫారెస్ట్ సంగతి వేరు. 1890 సెప్టెంబరులో ఏర్పడిన ఈ పార్కులో చెట్లను ఒక్కొక్కటిగా వెతుక్కోనక్కర్లేదు, రోడ్డు మలుపు తిరిగిన ప్రతిచోటా ఇటుక రంగు బోదెలు ఎదురవుతూనే ఉంటాయి. జనరల్ షెర్మన్ ఇక్కడే ఉంది. ఎత్తు 275 అడుగులు, మొదట్లో చుట్టుకొలత సుమారు 103 అడుగులు, బోదె ఘనపరిమాణం 52,500 ఘనపుటడుగుల పైమాట. ఈ అంకెలు వింటే ఏమీ అనిపించదు. మొదలు దగ్గర అడ్డుకొలత 36 అడుగులంటే, దాన్ని అక్కడ కోసి నేల మీద పరిస్తే హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాటు పట్టేంత చోటు వస్తుంది. అమ్మకు ఆ లెక్క చెప్పాక గాని ఆమె తల పైకెత్తి రెండోసారి చూడలేదు.

అయితే షెర్మన్ దగ్గరికి వెళ్లే దారిని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పైనున్న పార్కింగ్ నుంచి చెట్టు దాకా అర మైలు చక్కని బాట, మధ్యలో కొన్ని మెట్లు, అంతా దిగుడే. నాన్నగారు హుషారుగా దిగారు. తిరిగి రావడం ఆ అర మైలూ ఎక్కడమే. అక్కడి ఎత్తు దాదాపు 7,000 అడుగులు కాబట్టి గాలి పలచగా ఉంటుంది, తిరుమల మెట్లు ఎక్కిన కాళ్లకైనా ఊపిరి అందదు. పది నిమిషాల్లో దిగిన దారిని ఎక్కడానికి మాకు నలభై అయిదు నిమిషాలు పట్టింది. దారిలో ఉన్న ప్రతి బల్ల మీద కూర్చున్నాం. కింద రోడ్డు పక్కన షటిల్ ఆగే చోటు ఉందని, అక్కడి నుంచి చెట్టు దాకా చదునైన చిన్న బాట ఉందని, వికలాంగుల ప్లకార్డు ఉన్న కార్లు అక్కడే ఆపుకోవచ్చని నాకు తరువాత తెలిసింది. షటిల్ నడిచే రోజుల్లో పెద్దవాళ్లతో పైనుంచి దిగి, కింది నుంచి బస్సెక్కి రావడమే తెలివైన పని.

నడవగలిగినవారికి మాత్రం అసలు అడవి షెర్మన్ చెట్టు దాటాకే మొదలవుతుంది. ఫొటోల కోసం వరుస కట్టే జనం అక్కడే ఆగిపోతారు, కాంగ్రెస్ ట్రైల్ మీద నూరు అడుగులు వేయగానే మాటలు సన్నగిల్లుతాయి. 2 నుంచి 3 మైళ్ల మధ్య ఉండే ఈ చుట్టుబాట చాలా వరకు తారు వేసినదే. సెనేట్, హౌస్ అని పేర్లు పెట్టిన గుంపుల్లో చెట్లు భుజం భుజం కలిపి నిలబడి ఉంటాయి, మధ్యలో ప్రెసిడెంట్ అనే మహావృక్షం వస్తుంది. బాట అంచున ఉన్న ఒక మాను బెరడు మీద చెయ్యి వేసి నాన్నగారు ‘కొబ్బరి పీచురా ఇది’ అన్నారు. నిజంగానే అది గట్టిగా ఉండదు, వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోతుంది. ఆ పీచు బెరడు 2 అడుగుల మందం దాకా పెరుగుతుంది. అందులో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, మంటను పెంచే జిగురు తక్కువ. అందుకే వేల ఏళ్లుగా మంటలు వచ్చి పోతున్నా ఈ చెట్లు నల్లని మచ్చలతో బతికి ఉన్నాయి. నేల మీద పడి ఉన్న కాయ కోడిగుడ్డంత ఉంటుంది, దానిలోని విత్తనం అటుకు పలుకంత కూడా ఉండదు. ఆ కాయలు కొమ్మ మీదే పచ్చగా ఇరవై ఏళ్ల దాకా మూసుకుని ఉండగలవు. నిప్పు వేడికి ఎండినప్పుడు విచ్చుకుని, చెత్త కాలి బయటపడిన మట్టి మీద గింజల్ని రాలుస్తాయి. నిప్పును పూర్తిగా అణచివేసిన దశాబ్దాల్లో కొత్త మొక్కలు రాకపోవడం గమనించాకే పార్కు అధికారులు 1960ల నుంచి తామే అదుపులో ఉండే మంటలు పెట్టడం మొదలుపెట్టారు.

అదే ప్రాంతంలో మోరో రాక్ అనే బండ ఉంది. 350కి పైగా మెట్లు ఎక్కితే పర్వతశ్రేణి అంతా కనిపిస్తుంది. మెట్లు ఇరుకు, ఒక పక్క లోయ, ఉరుములు వినిపిస్తే ఎక్కకూడదు. పిల్లలకు మాత్రం 1937లో కూలిన చెట్టుకు కోసిన టన్నెల్ లాగ్ బాగా నచ్చుతుంది. 17 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న ఆ కన్నంలోంచి కారు వెళ్తుంది. యోసెమిటీలో కార్లు వెళ్లే వవోనా టన్నెల్ చెట్టు 1969లో కూలిపోయింది కనుక, ఈ పార్కుల్లో కారుతో చెట్టు దాటాలన్న సరదా ఉంటే ఇక్కడే తీరాలి.

జెయింట్ ఫారెస్టుకు చేరడం మూడింటిలోకీ కష్టం. వైసేలియా మీదుగా 198వ నంబరు రహదారిలో వస్తే, పార్కు ద్వారం నుంచి సుమారు 5,000 అడుగులు ఎక్కే ఘాట్ రోడ్డు ఉంది. దూరం 17 మైళ్లే అయినా గంట పడుతుంది, కడుపులో తిప్పేవారికి ముందే మాత్ర వేయడం మంచిది. 22 అడుగులు దాటిన వాహనాలను ఈ మార్గంలో తేవద్దని పార్కు చెబుతోంది. ఫ్రెస్నో నుంచి 180వ నంబరు రహదారిలో వస్తే మలుపులు తక్కువ, గ్రాంట్ గ్రోవ్ ముందుగా వస్తుంది, అక్కడి నుంచి మరో గంటకు జెయింట్ ఫారెస్ట్. రెండు పార్కుల లోపలా పెట్రోలు దొరకదు, కింద ఊళ్లోనే ట్యాంకు నింపుకోవాలి.

ఇక కింగ్స్ కాన్యన్ పార్కులోని గ్రాంట్ గ్రోవ్. మోకాళ్ల నొప్పులున్నవారితో, చంటిపిల్లలతో వెళ్లేటప్పుడు నా ఓటు దీనికే. కారు దిగిన చోటే బాట మొదలవుతుంది, మూడో వంతు మైలు చుట్టి అక్కడికే వస్తుంది, ఎక్కుడు స్వల్పం, బస్సుతో పని లేదు. 268 అడుగుల జనరల్ గ్రాంట్ చెట్టును 1926లో అమెరికా జాతీయ క్రిస్మస్ చెట్టుగా ప్రకటించారు. అదే బాటలో కూలిపోయి బోలుగా మిగిలిన ఫాలెన్ మోనార్క్ ఉంది. పెద్దవాళ్లు కూడా వంగకుండానే దాని ఒక కొస నుంచి మరో కొసకు నడిచి వెళ్తారు. ఒకప్పుడు సైన్యం గుర్రాలను అందులో కట్టేసేవారు. అమ్మ ఆ చెట్టు కడుపులో నిలబడి చాలాసేపు పైకి చూసింది. ఆ రోజు ఆమెకు షెర్మన్ కంటే అదే నచ్చింది.

గ్రాంట్ గ్రోవ్ లోపం ఏమిటంటే, ఆ చిన్న బాట కాగానే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. నడిచే ఓపిక ఉన్నవారు పక్కనే ఉన్న నార్త్ గ్రోవ్ చుట్టుబాట పట్టాలి. 1.5 మైళ్లలో వేసవి ఆదివారం కూడా పట్టుమని పదిమంది ఎదురుపడరు. పార్కు ద్వారం దగ్గరి బిగ్ స్టంప్ బాట కూడా నేను వదలవద్దంటాను, అందం కోసం కాదు. 1891లో నరికిన మార్క్ ట్వెయిన్ అనే చెట్టు మొద్దు అక్కడ ఉంది, దాని అడ్డుకోతల్లో ఒకటి న్యూయార్కు మ్యూజియానికి, మరొకటి లండన్‌కు వెళ్లాయి. ఆ కాలంలో నరికిన సెకోయాలు పెళుసు కలప వల్ల నేల మీద పడగానే ముక్కలయ్యేవి, చివరికి వాటితో కంచె గుంజలు, కప్పు పెంకులు చేసుకున్నారు.

కాలిన అడవి చూడడానికి పెద్దవాళ్లను సిద్ధం చేయడం కూడా అవసరం. 2020, 2021 సంవత్సరాల మంటల్లో ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో 13 నుంచి 19 శాతం నశించాయని అంచనా. 2021లో షెర్మన్ మొదలుకు వెండి రంగు నిప్పుకవచం చుట్టారు, అది బతికింది. 2022లో మారిపోసా తోపులోకీ మంట వచ్చింది. మూడు చోట్లా చూడదగ్గ పెద్ద చెట్లు నిలిచే ఉన్నాయి కాని, ఘాట్ రోడ్డు వెంట నల్లని కొండవాలులు కనిపిస్తాయి, కొన్ని బాటలు మూసి ఉండవచ్చు.

రుసుము విషయంలో పెద్ద తేడా లేదు. కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. సెకోయా, కింగ్స్ కాన్యన్‌లకు ఒకే టికెట్టు. అయితే 2026 నుంచి ఈ పార్కుల్లోనూ యోసెమిటీలోనూ అమెరికా నివాసులు కాని 16 ఏళ్లు పైబడిన సందర్శకులకు తలకు 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు కనుక, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులతో వెళ్లేవారు వార్షిక పాస్ లెక్క ముందే వేసుకోవాలి. పులిహోర డబ్బా కారులో వదలకుండా, పార్కింగ్ పక్కన ఉన్న ఇనుప పెట్టెలో పెట్టి తాళం బిగించాలి. ఎలుగుబంట్లకు కారు అద్దం అడ్డు కాదు.

రెండు రోజులు చేతిలో ఉంటే నేను మళ్లీ ఇలాగే వెళ్తాను. సెప్టెంబరు చివరిలో ఒక వారపు రోజు ఫ్రెస్నో వైపు నుంచి ఎక్కి, మధ్యాహ్నం గ్రాంట్ గ్రోవ్‌లో అమ్మానాన్నలతో నిదానంగా గడిపి, రాత్రి అక్కడే బస చేసి, పొద్దున్నే ఎనిమిది లోపు షెర్మన్ పార్కింగ్‌కు చేరుకుంటాను. షటిల్ నడుస్తుంటే అమ్మను కింది బాటకు పంపుతాను, లేకపోతే జెయింట్ ఫారెస్ట్ మ్యూజియం దగ్గర ఎండలో కూర్చోబెడతాను. నాన్నగారు మాత్రం ఈసారి కూడా పైనుంచే దిగుతానంటున్నారు, మళ్లీ ఎక్కడానికి చేతికర్ర కూడా కొన్నారు.