పోస్ట్-ఇట్ పసుపు నోట్స్: ఆర్నెల్లు వాడాక నా రివ్యూ

మాది విజయవాడలో చిన్న డయాగ్నస్టిక్ సెంటర్ అండి, ఇళ్లకెళ్లి బ్లడ్ శాంపిల్స్ తెచ్చే 9 మంది కుర్రాళ్లని నేనే చూసుకుంటా. ఏమన్నా ఐడియాలు చెప్పండ్రా అని మీటింగ్ పెడితే అందరూ నా మొహమే చూసేవాళ్లు, నేనేదో ఒకటి అనగానే అవును సార్ బాగుంది సార్ అనేసి టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. అప్పుడు కొన్నా ఈ 3ఎం కంపెనీ వాళ్ల పోస్ట్-ఇట్, అంటే వెనక జిగురుండి అంటించి మళ్లీ పీకేయగలిగే చీటీలు, 3 అంగుళాల చదరం, ప్యాడ్‌కి 100 కాగితాలు.

తలా నాలుగు ఇస్తా, ఒక్కో దాని మీద ఒక్కటే రాయాలి, పేరు అక్కర్లేదు, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు నాతో సహా, అన్నీ అద్దం తలుపుకి అంటించాకే చదవడం. నా మాట ఆఖర్న. మేనేజర్ ముందే నోరు తెరిస్తే ఎంత మంచి కాగితం కొన్నా దండగే.

మొదటి రోజే ఒకదాని మీద చిన్న చిన్న అక్షరాలతో "షుగర్ పేషెంట్లవి ఫాస్టింగ్ శాంపిల్స్ ముందు తీద్దాం, పాపం పదింటిదాకా ఆకలితో కూర్చుంటున్నారు" అని ఉంది. మేం ఏరియాని బట్టి రూట్ వేసేవాళ్లం, ఎవరు తినకుండా ఉన్నారో చూసేవాళ్లమే కాదు. రాసినోడికి ఎప్పట్నించో తెలుసు, నేను చెప్పనిస్తేగా. మనసు చివుక్కుమంది. మర్నాటి నుంచే రూట్ మార్చాం.

అసలు ఈ కాగితం పుట్టిందే అలాగ. 1968లో 3ఎంలో స్పెన్సర్ సిల్వర్ అనే సైంటిస్టు గట్టి జిగురు చేయబోతే అంటీ అంటనట్టుండే జిగురొచ్చింది, దాంతో ఏం చేయాలో ఎవరికీ తెలీలేదు. 1974లో అక్కడే పనిచేసే ఆర్ట్ ఫ్రై, చర్చి పాటల పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్న చీటీలు జారిపోతున్నాయని వాటికి ఈ జిగురు రాస్తే పోలా అనుకున్నాడు. ఆ కంపెనీలో పని టైములో 15 శాతం సొంత ఆలోచనల మీద పెట్టుకోనిస్తారు, అందుకే దీని మీద కూర్చోగలిగాడు. అమెరికా అంతటా అమ్మకానికొచ్చింది 1980లో, అంటే 12 ఏళ్లు ఓపిక పట్టారన్నమాట.

క్వాలిటీ అంటారా, అద్దం, వైట్‌బోర్డు, ఇనప బీరువా మీద బ్రహ్మాండంగా ఉంటాయి. సున్నం గోడ మీద మాత్రం పెట్టకండి, పొడి అంటుకుని రాలిపోతాయి. ఇంకోటి, ప్యాడ్ నుంచి కింద పట్టుకుని పైకి లాగితే కాగితం వంపు తిరిగి ఫ్యాన్ గాలికి ఊడొచ్చేస్తుంది, పక్క నుంచి లాగండి. రేటు కాస్త ఎక్కువే, అందుకే 5కి నాలుగున్నర ఇస్తున్నా. మాకు నెలకి ప్యాడున్నర పడుతోంది.

నిన్న అయిపోతే "సార్, శనివారం మీటింగుంది, పసుపు కాగితాలు తెప్పించండి" అని కుర్రాళ్లే ఫోన్ చేశారు.